జల్లెడ పట్టని గుట్ట

నేను జర్మనీ వెళ్ళింది మా దుకాణం ముందుభాగం కాపాడుకోవడానికి. విమానాశ్రయంలో అధికారి అడిగినప్పుడు ఈ మాట చెప్పలేదు, "వ్యాపారం" అని ఊరుకున్నాను. మీ దగ్గర దాపరికం ఎందుకు?

నాందేడ్ సరాఫాలో, అంటే బంగారు బజారులో, మా గల్లీ ఎంత ఇరుకంటే, నేను తుమ్మితే ఎదురు దుకాణం వాడు కూర్చున్న చోటి నుంచే రుమాలు అందిస్తాడు. మా జిల్లాలోని హిమాయత్‌నగర్‌లో పత్తి అమ్ముకుని కూతురికి పుస్తెలు చేయిద్దామని వచ్చే రైతు పొద్దున ఏమీ తినకుండా రావాలి. రెండు రొట్టెలు ఎక్కువ తిని వచ్చినవాడు గల్లీ మొదట్లోనే ఇరుక్కుపోయి, వెనక వచ్చే నలుగురు తోస్తే తప్ప మా దాకా రాడు. రెండేళ్ళ కింద మున్సిపాలిటీ మనుషులు వచ్చి పద్నాలుగు దుకాణాల్లోనూ ఎర్ర రంగుతో ఒక గీత గీసిపోయారు. గీత దాకా పడగొట్టి గల్లీని వెడల్పు చేస్తారట. పద్నాలుగు మందీ ఒప్పుకుంటేనే పని మొదలవుతుందట. పదమూడు సంతకాలు పడ్డాయి. పద్నాలుగోది నాది.

ఆ గీత వాళ్ళ దుకాణాల్లో గోడల మీద పోయింది, గుమ్మాల మీద పోయింది. నా దుకాణంలో మాత్రం సరిగ్గా నేను కూర్చునే గద్దె మీదుగా పోయింది. అంటే సంతకం పెట్టిన మర్నాడు నా ఒళ్ళోంచి ఆటోరిక్షాలు పోతాయన్నమాట. మా నాన్న అరిగించిన గద్దె, నేను ఇంకా లోతుగా అరిగించిన గద్దె. పెట్టనన్నాను.

పన్నెండు మంది నన్ను రోజూ తిట్టారు. దానికి నేను బాధపడలేదు. తిట్టనివాడు ఒక్కడే, ఎదురు దుకాణం గంగాధర్. అతని పైకప్పు పగిలి రెండు వర్షాకాలాలు అయింది. ఎలాగూ సగం కొట్టేసే కట్టడానికి బాగుచేత ఎందుకని పైన తాటిపత్రి, అదే టార్పాలిన్, కప్పి దాని కింద కూర్చున్నాడు. రోజూ పొద్దున నన్ను చూసి చేయెత్తి "రామ్ రామ్ సేటూ" అంటాడు. సంతకం సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. ఎంత మంచివాడు అనుకునేవాణ్ణి.

ఇలా ఉండగా ఉమ్రిలో నగల దుకాణం నడిపే మా అక్క మొగుడు సుదర్శన్ బావ జర్మనీలో ఒక గొలుసులల్లే యంత్రం అమ్మకానికి ఉందని ఎవరి ద్వారానో తెలుసుకున్నాడు.

"ఫోర్ట్స్‌హైమ్ అని ఊరున్నది బామ్మర్దీ. ఊరు ఊరంత మన పనోళ్లే. రెండో ప్రపంచ లడాయిల మొత్తం కాలి బూడిదైందట. మళ్ల రోడ్లు ఎడల్పు జేసి కట్టిండ్రట. వస్తవా, సూసొద్దాం?"

నా బుర్రలో దీపం వెలిగింది. వెడల్పు రోడ్డు ఒక బంగారు బజారును ఎలా నాశనం చేస్తుందో ఫోటోలతో సహా పట్టుకొచ్చి మా సంఘం మీటింగ్‌లో పరుస్తాను! మీటింగ్ మేం తిరిగొచ్చిన మర్నాడే. పెట్టె సర్దాను.

స్టేషన్ బయట

విమానం గురించి రాయను. బావ ఎనిమిది గంటలు నా భుజం మీద పడుకున్నాడు, ఆ భుజం ఇప్పటికీ బావదే.

ఆ ఊరి స్టేషన్‌లో రైలు దిగి బయటికి రాగానే నేను ఆగిపోయాను. బంగారపు ఊరంటే గోపురాలూ నగిషీలూ ఉంటాయనుకున్నాను. ఎదురుగా వరసగా అగ్గిపెట్టెలు నిలబెట్టినట్టు ఇళ్ళు. చదును గోడలు, చదును కిటికీలు, నగ ఒక్కటి లేని పెళ్ళికూతురిలా ఊరు. మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన అమ్మాయి శ్రావణి, ఆర్మూరు పిల్ల, అక్కడ ఇంజనీరింగ్ చదువుతోంది. యంత్రం అమ్మే ముసలావిడ ఇంట్లోనే అద్దెకుంటుంది. బేరానికి మా నోరూ చెవులూ ఆ పిల్లే.

"గిట్లెందుకున్నయంటే అంకుల్, లడాయి ఇంక రెండున్నర నెలలల్ల అయిపోతదనంగ ఒక్క రాత్రి బాంబులేసిండ్రు. ఇరవై నిమిషాలు. నడి ఊరంత పోయింది. మనుషులు గూడ మస్తు పోయిండ్రు. ఎన్క జల్దిజల్ది ఇండ్లు గావాలె గద, సొగసు సూస్కుంట కూసునేతందుకు టైమేడిది?"

ఊరి నడుమ రోడ్డు చూశాను. నిజం చెప్తున్నాను, దాన్ని దాటేలోపు మళ్ళీ ఆకలేస్తుందనిపించింది. అంత వెడల్పు. సిగ్నల్‌లో ఎర్ర మనిషి బొమ్మ వెలుగుతోంది. కనుచూపు మేరలో బండి లేదు, సైకిల్ లేదు, కుక్క కూడా లేదు. అయినా పదిమంది బొమ్మ వంక భక్తిగా చూస్తూ నిలబడ్డారు. బావ అడుగు ముందుకేశాడు. పక్కన చిన్న పాపతో ఉన్న తల్లి బావను ఎలా చూసిందంటే, మా బావ పెళ్ళిలో కూడా అంత సిగ్గుపడలేదు. కాలు వెనక్కి తీసుకున్నాడు.

నేను ఫోన్ తీసి రోడ్డు ఫోటో తీశాను. సాక్ష్యం ఒకటి.

ఇంగె గారి వంటగది

ఆవిడ పేరు ఇంగె. ఎనభై దాటాయి, నడుము మాత్రం మా మీటరు బద్దలా నిటారు. శ్రావణి ఆమెను "ఓమా" అంటుంది, అంటే అమ్మమ్మ అట. మేం మాంసం తినమని ముందే తెలుసుకుని పప్పు వండింది. గోధుమరంగు పప్పు, దాని కింద లావుపాటి సేమ్యా లాంటిది, పైన పుల్లగా సిర్కా, అదే వెనిగర్. పప్పూ సేమ్యా కలిపి తినే దేశం ఇంకొకటి ఉంటుందని నేను ఊహించలేదు. రెండో ముద్దకే మా పెట్టెలో ఊరగాయ డబ్బా మూత తెరుచుకుంది. ఇంగె గారు వేలి కొసతో కొంచెం నాకి చూసింది. కళ్ళనిండా నీళ్ళు. గ్లాసు ఎత్తి తాగింది, అది గ్యాసు నీళ్ళు. ఆ నీళ్ళు లోపలికి పోయి ఊరగాయతో ఏం మాట్లాడాయోగాని, ఆవిడ బల్ల మీద చరిచి పెద్దగా నవ్వింది.

"ఇంకింత ఎయ్యమంటుంది అంకుల్," అంది శ్రావణి.

ఇక్కడ ఒక మాట. ఇంగె గారు మాట్లాడింది జర్మన్. నా చెవిన పడింది శ్రావణి తెలుగు. కాబట్టి నాకు తెలిసినంత వరకు ఇంగె గారు ఆర్మూరు ఆడపడుచు. మీకూ అలాగే వినిపిస్తాను.

పెరటి పనిగది

మర్నాడు శనివారం, యంత్రం చూశాం. పెరట్లో ఆమె తండ్రి కట్టిన పనిగది. తలుపు తీయగానే నాకూ బావకూ ఒకేసారి నవ్వొచ్చింది. సొంత ఊరికి వచ్చినట్టే ఉంది. పనివాడి బల్ల కింద ఒళ్ళో పడేలా కట్టిన తోలు, ఆకురాయితో రాకినప్పుడు రాలే పొడి నేలపాలు కాకుండా. నేల మీద చెక్క జాలీ, చెప్పులకంటిన బంగారు రజను గీసుకోవడానికి. ఊడ్చడానికి కుంచె బదులు ఎండిన కుందేలు కాలు. దాని బొచ్చుకు బంగారం అంటుకోదట. మా సరాఫాలో కుందేలు ఒక్కటే తక్కువ, తక్కినదంతా ఇదే.

మా దగ్గర ఝారేకరీలని ఉంటారు. తెలుగులో జలగడిగేవాళ్ళంటారు. నగల దుకాణాలు ఊడ్చిన దుమ్మునూ, గల్లీ కాలువలో బురదనూ కొనుక్కుపోయి, పళ్ళాల్లో కడిగి కడిగి అందులోంచి బంగారం తీస్తారు. సరాఫాలో చెత్తకు కూడా పోటీ ఉంటుంది. నేను చీపురు పట్టినట్టూ పళ్ళెం తిప్పినట్టూ అభినయించి, మీ దగ్గర ఎలాగని అడిగాను.

"గంతే," అంది ఇంగె గారు. "ఊడ్చిన దుమ్ము, చేతులు గడిగిన నీళ్లు గూడ డబ్బాలల్ల పట్టి కరిగించెటోళ్లకు పంపుతుంటిమి. పాత చెక్కనేల తీసేసినా కాల్చి బూడిద జల్లెడ పడుతుంటిమి."

అప్పుడు నాకొక అనుమానం వచ్చింది. నా జీవితంలో నాకొచ్చిన అనుమానాలన్నిట్లోకీ పెద్దది.

"ఊరంతా కాలిపోయినప్పుడు ఆ కూలిన రాయీ మట్టీ ఏం చేశారు?"

"చిన్న రైలు పట్టాలేసి, డబ్బాలల్ల నింపి, ఊరవతల వాల్‌బెర్గ్ అని గుట్టున్నది, గాడ పోసిండ్రు. పోసీ పోసీ గుట్ట ఇంక పెద్దగైంది."

నేను బావను చూశాను. బావ నన్ను చూశాడు. నూట డెబ్భై ఎనభై ఏళ్ళు బంగారం రాకిన ఊరు. వందల పనిగదుల చెక్కనేలలు, గోడ పగుళ్ళు, కాలువలు. అంతా ఎత్తి గుట్ట మీద పోశారు! ఒక్క ఝారేకరీని పిలవకుండా! ఆ రాత్రి బావ ఫోన్‌లో లెక్క వేస్తే సున్నాలు తెర మీద పట్టక అంకె రెండో వరసలోకి దిగింది. జర్మనీవాళ్ళు తెలివైనవాళ్ళని ఎవరన్నారు?

ఆదివారం, గుట్ట

ఆదివారం పొద్దున బావ ఇంగె గారి పెరట్లో కూర్చుని రోట్లో పచ్చిమిరపకాయలూ వెల్లుల్లీ వేసి ఠేచా దంచడం మొదలుపెట్టాడు. చిన్న రోలు, ఉమ్రి నుంచి పెట్టెలో పెట్టుకొచ్చింది. నాలుగో దెబ్బకు పక్కింటాయన కంచె దగ్గరికొచ్చాడు. ఆరో దెబ్బకు పై అంతస్తు కిటికీ తెరుచుకుంది. ఆదివారం ఆ దేశంలో చప్పుడు చెయ్యకూడదట. బాంబులు ఓర్చుకున్న ఊరు మా బావ ఠేచాను ఓర్చుకోలేకపోయింది. మిగతాది బావ దుప్పటి కప్పుకుని, శ్వాస బిగబట్టి నూరాడు.

మధ్యాహ్నం ఇంగె గారు మమ్మల్ని వాల్‌బెర్గ్ మీదికి తీసుకెళ్తానంది. నేనే అడిగించాను. గుట్ట చుట్టూ గడ్డి, పండ్లచెట్లు, కుక్కలతో నడిచేవాళ్ళు. పైన ఆ బాంబుల రాత్రికి గుర్తుగా ఎత్తైన ఉక్కు పలకలు నిలబెట్టారు. కింద మూడు నదుల లోయలో ఊరంతా పరుచుకుని ఉంది. ఇంగె గారూ శ్రావణీ పలకల వైపు నడిచారు. నేనూ బావా షూ లేసులు కట్టుకునే మిషతో వెనకబడ్డాం. వాన కోసిన చోట ఇటుకముక్కలు తేలిన మట్టి కనిపించింది. నేను మా ఇంటి తాళం చెవితో తవ్వుతున్నాను, బావ ఖాళీ ఊరగాయ డబ్బా పట్టుకున్నాడు.

"జర లోపలి మట్టి తియ్ బామ్మర్దీ, పై మట్టి పల్చగుంటది."

"నాకు చెప్తవా బావా? నేను సరాఫాల పుట్టినోణ్ణి."

డబ్బా సగం నిండింది. తల ఎత్తితే ముందు రెండు జతల కాళ్ళు.

"ఏం జేస్తున్నరని అడుగుతుంది," అంది శ్రావణి. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "నేనేం జెప్పాలె అంకుల్?"

అబద్ధం ఆడడం నాకు రాక కాదు, జర్మన్‌లో రాక. ఉన్నదే చెప్పమన్నాను. ఊరంతా ఊడ్చి ఇక్కడ పోశారు కదా, ఎవరూ జల్లెడ పట్టలేదు కదా, అని. శ్రావణి చెప్పింది. ఇంగె గారు మొదట నవ్వింది. పనివాళ్ళ ఇంటి పిల్ల కదా, సంగతి ఠక్కున అర్థమైంది. నవ్వుతూనే వంగి ఒక ఇటుకముక్క తీసి అరచేతిలో తిప్పింది. తర్వాత నవ్వు లేదు.

"మా నాయిన లడాయి నుంచి వచ్చినంక శెయ్యంగ శేసిన మొదటి పని జల్లెడ పట్టుడే. మా దుకాణమున్న కాడ, బూడిదల, పదైదు దినాలు. నేను పక్కన కూసుంటుంటి. కరిగి గడ్డకట్టిన బంగారం దొరికింది, గుప్పెడంత. దాంతోనే మళ్ల పని షురువు జేసిండు. కని నాయిన దేవులాడింది దానికి గాదు. తాత నేలమాళిగల ఉండె ఆ రాత్రి. ఏం దొరకలే. అంత తట్టలకెత్తి రైలుకు పోసిండ్రు. తాత గీడ ఏడనో ఉన్నడు గావచ్చు."

నేను పన్నెండు దుకాణాల వాళ్ళు ఒక్కసారి తిడితే కూడా తల దించని మనిషిని. అప్పుడు మోకాళ్ళ మీదే ఉండిపోయాను. బావ డబ్బాలోని మట్టిని తవ్విన గుంటలోకి వంచాడు. నేను చేతులతో సర్ది, పైన గడ్డి పెళ్ళ పెట్టి అదిమాను. ఇంగె గారు నాకు లేవడానికి చెయ్యిచ్చింది.

"సిగ్గుపడకురి," అన్నదట. "నేను గూడ చిన్నప్పుడు గీడ గోకిన. ఈ ఊర్ల మా పనోళ్ల పిల్లలు గోకనోళ్లెవరు?"

రోడ్డు నడుమ

సోమవారం ఆమె మమ్మల్ని ఊర్లోకి తీసుకెళ్ళింది. ఆ వెడల్పు రోడ్డు దగ్గరే ఆగింది. ఎర్ర మనిషి పోయి పచ్చ మనిషి వచ్చాడు. నడుమ దాకా నడిచి, అక్కడ చిన్న దిమ్మె మీద నిలబడి, కర్రతో నేల చూపించింది.

"గీడుండె మా దుకాణం."

కాలిన తర్వాత ఊరి పెద్దలు కొత్త గీతలు గీశారట. పాత సందులు వద్దు, వెడల్పు రోడ్లు కావాలి, కార్ల కాలం వస్తోందని. అందరూ కొంత కొంత జాగా వదులుకోవాలి, బదులు ఇంకోచోట ఇస్తారు. వాళ్ళ గల్లీలో అందరూ సంతకాలు పెట్టారు. ఆమె తండ్రి ఒక్కడూ పెట్టలేదు.

నాకు ఒళ్ళు పులకరించింది. ఏడు సముద్రాల అవతల నాకొక అన్న దొరికాడు! ఫోన్ తీశాను. "శ్రావణీ, ఆయన చెప్పిందే నిజమైంది కదా అని అడుగు. రోడ్డు ఊరిని పాడుచేసింది కదా?"

ఇంగె గారు కర్రతో కార్లను చూపించింది.

"పాడు జేసింది. చప్పుడు, పొగ. దాటుడు కష్టం. గందుకే ఇప్పుడు కొన్ని రోడ్లు సన్నగ జేస్తున్నరు. చెట్లు పెడుతున్నరు, కూసునేతందుకు బల్లలేస్తున్నరు. అప్పుడు కార్లకు కట్టిండ్రు, ఇప్పుడు మనుషులకు కడుతున్నరు. కని తప్పు ఎడల్పుది గాదు. ఎవలకు కడుతున్నమో మర్శిండ్రు, గంతే."

"మరి మీ నాన్న?"

"మా నాయిన రెండు చలికాలాలు ఆపిండు. మా పక్కపొంటి రొట్టెల దుకాణపామె, ఇద్దరు పిల్లలతోని, గా రెండు చలికాలాలు రేకుల షెడ్డుల ఉన్నది. అందరి సంతకాలైతే గని ఆమెకు కొత్త జాగ రాదు. ఆమె మా నాయిన్ను ఎన్నడొక మాట అనలే. రోజు పొద్దుగాల నవ్వుకుంట దండం పెట్టేది. ఎంత మంచిదో అనుకుంటుండె నాయిన. ఆఖరుకు సంతకం పెట్టిండు. తెల్లారి నుంచి ఆమె దండం బంద్ అయింది. సచ్చేదాంక మళ్ల మాట్లాడలే."

"పెట్టినంక ఎందుకు బంద్ జేసింది?" బావ అడిగాడు.

"అప్పటిదాంక అవసరముండె గద నాయినా."

పచ్చ మనిషి వచ్చాడు, పోయాడు. ఎర్ర మనిషి వచ్చాడు. మేం దిమ్మె మీదే ఉన్నాం. నేను ఫోన్ జేబులో పెట్టాను. తిరుగు ప్రయాణంలో బావ, బేరం కుదిరిన యంత్రం గురించి ఎంత సంబరంగా చెప్పినా నా చెవికెక్కలేదు. ఎదురుగా తాటిపత్రి కింద కూర్చుని చేయెత్తే మనిషే కనిపించాడు. ఆ రెండేళ్ళ నమస్కారాలన్నీ మళ్ళీ మొదటి నుంచి విన్నాను.

నాందేడ్, మీటింగ్

సంఘం మీటింగ్‌లో పదమూడు మందీ నా ఫోటోలకు జవాబు చెప్పడానికి సిద్ధమై వచ్చారు. ఒకాయన వకీలును కూడా తెచ్చాడు. నేను లేచి, "కాగితమేది?" అన్నాను. ఎవరూ కదల్లేదు. నా తెలివితేటల మీద వాళ్ళకంత నమ్మకం, ఏదో మెలిక ఉందనుకున్నారు. మెలిక ఉంది కూడా. వెడల్పు చేసిన జాగాలో బండ్లు నిలపకూడదు, రెండు వైపులా నడిచేవాళ్ళకు బాట ఉండాలి, ముసలివాళ్ళు కూర్చోవడానికి నాలుగు బల్లలుండాలి అని మా పద్నాలుగు మంది పేరుతో ఒక అర్జీ రాయించాను. మున్సిపాలిటీలో ఇంజనీరు రెండుసార్లు చదివి "బఘూ" అన్నాడు. మరాఠీ తెలియనివాళ్ళకు చెప్తున్నాను, చూద్దాం అని అర్థం. చూస్తున్నారు. ఒక వైపు బాటకు రాళ్ళు దిగాయి. రెండో వైపు కోసం నేను వారానికోసారి వెళ్ళి ఆయన ఎదుట కూర్చుంటున్నాను. నా ముఖం చూడలేకైనా వేయిస్తాడు.

సంతకం పెట్టిన మర్నాడు పొద్దున నేను దుకాణం ముందు నిలబడి గంగాధర్ కోసం చూశాను. వచ్చాడు. చేయెత్తలేదు. తాళం తీశాడు, లోపలికి పోయాడు. నేనే గల్లీ దాటి, అంటే ఒక అడుగు వేసి, అతని గుమ్మంలో నిలబడ్డాను.

"గంగాధర్, తప్పయింది."

అంతే. తాటిపత్రి కింద రెండేళ్ళుగా నిలిచిన నీళ్ళన్నీ ఒక్కసారి నా నెత్తిన పడ్డాయి.

"తప్పా? రెండు వానకాలాలు! నా పెండ్లాం పెట్టెల కింద ఇటుకలు పెట్టి పెట్టి నడుం పోగొట్టుకున్నది! నీకు రామ్ రామ్ చెప్పి చెప్పి నా చెయ్యి గుంజుతున్నది! నువ్వు మనిషివేనా సేటూ? గద్దె! ఏమన్న సింహాసనమా గది? పోయిపోయి జర్మనీ దాంక పోయినవు బుద్ధికి, నా కప్పు కిందికి ఒక్కసారి రాలేకపోయినవా?"

అరగంట తిట్టాడు. మా తాతల దాకా వెళ్ళాడు, మధ్యలో మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాడు. నేను అతని మెట్టు మీద కూర్చుని అన్నీ విన్నాను. అవతల దుకాణాల వాళ్ళు గుమిగూడారు. నన్ను అంత సుఖంగా ఎవరూ ఎప్పుడూ తిట్టలేదు. తిడుతూ తిడుతూ, "జరుగు, తొవ్వకు అడ్డం కూసున్నవ్" అని నన్ను పక్కకు జరిపి తనూ మెట్టు మీద కూర్చున్నాడు.

గద్దెను నేనే విప్పించాను. పద్నాలుగు ముందుభాగాలూ పది రోజుల్లో నేలమట్టమయ్యాయి. గంగాధర్ కొత్త స్లాబు పోయించాడు. నా దుకాణం ఇప్పుడు ఎంత చిన్నదైందంటే, నేనూ వచ్చిన గిరాకీ మోకాళ్ళు ఆనించుకుని కూర్చుంటాం, తూచే తరాజు ఎవరో ఒకరి ఒళ్ళో ఉండాలి. లోపలి గోడకు ఎండ తగలడం మాత్రం నా యాభై ఏళ్ళలో ఇదే మొదలు.

నిన్న ఇస్లాపూర్ నుంచి ఒక ముసలమ్మ పాత కడియాలు మార్చుకుందామని వచ్చింది. ప్రతి ఏడూ వచ్చేదే. చెప్పులు విడిచి, నా ఎదుట కూర్చుని, ఆ వెలుతురులో నాలుగు వైపులా తేరిపార చూసింది.

"దుకాణం మస్తు పెద్దగ చేసినవ్ గద సేటూ," అంది.